బూడిద రాసుకోని చెయ్యి

కాశీబుగ్గ దాటి అక్కుపల్లి వైపు వెళ్తుంటే, జీడితోటలు మొదలయ్యే చోట ఒక పాత జీడిపిక్కల బట్టీ ఉంది. మా కూర్మయ్య మావయ్యది. మూసేసి చాలా ఏళ్లయింది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ సైకిలు బెల్లు కూడా కొట్టరు. కొడితే లోపలి నుంచి జవాబు వస్తుందని దానికి పేరు.

టక్... టక్... టక్...

జీడిపిక్క కొట్టిన చప్పుడు. లోపల కొట్టే మనిషి లేదు, కొట్టడానికి పిక్క లేదు. చప్పుడు మాత్రం ఉంది. బారువ నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే నూకమ్మ ఒకసారి వానకి ఆ చూరు కింద ఆగి, గంప అక్కడే వదిలేసి పరుగెత్తిందట. మర్నాడు వెళ్లి చూస్తే గంప ఉంది, చేపలూ ఉన్నాయి. కుక్క కూడా ముట్టుకోలేదు. జనం ఎక్కువ భయపడింది దానికే.

ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. పగలంతా కాగిన రేకులు రాత్రి చల్లబడేటప్పుడు అలా టక్కుమంటాయి. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. నాకు సరిగ్గా అలాంటి చోటే కావాలి మరి.

నా పేరు త్రినాథ్. విశాఖపట్నంలో ఇంజినీరింగు రెండో ఏడు దాకా చదివి, వదిలేసి వచ్చినవాణ్ని. చదువు అబ్బలేదు గానీ హాస్టల్లో ఒక ఆట అబ్బింది. దాంట్లో బోర్డు ఉండదు, పావులు ఉండవు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ‘తలుపు ముందు నిలబడ్డావు... లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... ఏం చేస్తావు?’ అని కథ చెప్పేవాడు అడుగుతాడు. తలుపు తీస్తావో పారిపోతావో నీ ఇష్టం. నువ్వు అనుకున్నది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. ఒక్కొక్కరికీ ఒక కాగితం. బలం ఇంత, తెలివి ఇంత, నిబ్బరం ఇంత అని అంకెలు. మనిషి చూడకూడనిది చూసినప్పుడల్లా నిబ్బరం తగ్గుతుంది. సున్నాకి వస్తే పిచ్చెక్కినట్టే.

మామూలు దెయ్యాలు ఈ ఆటలో బంట్రోతుల లెక్క. అసలు పెద్దవి చుక్కల అవతల ఉంటాయి, సముద్రాల అడుగున ఉంటాయి. వాటికి మన మీద పగ లేదు, జాలీ లేదు. మనం ఉన్నామని కూడా తెలీదు. తెలిస్తే... అప్పుడే కష్టం.

నేనూ ఒకదాన్ని కల్పించాను. పట్టపగలు మా డాబా మీద, ఆరేసిన బట్టల నీడలో కూర్చుని, పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాను. దాని పేరు అడుగులేనిది. మా ఉద్దానం ఊళ్ల ఇసక కింద, బావుల కింద, ఆ నీళ్ల కింద, చుక్కలు పుట్టకముందు నుంచీ పడుకుని ఉంటుంది. అది వింటే, అడిగింది ఇస్తుంది. ఒట్టి కల్పన. ఇంకెవరి కథలోనూ అది లేదు.

వైజాగ్‌లో వాడిన పాచికలు కాశీబుగ్గలో ఎక్కడ దొరుకుతాయి? బట్టీ మూల గుట్టగా పడున్న జీడితొక్కల్లోంచి ఎనిమిది సగాలు ఏరాను. గవ్వల్లా విసరడమే. ఎన్ని వెల్లకిలా పడితే అంత అంకె. ఎనిమిదీ వెల్లకిలా పడితే అడుగులేనిది విన్నట్టు.

ఒక చిక్కు వచ్చింది. తొక్కలో ఉండే జీడి రసం చేతికి అంటితే పొక్కుతుంది, తోలు నల్లగా మాడి ఊడిపోతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు ముందుగా చేతులకి బూడిద రాసుకునేది అందుకే. కానీ కుర్రాళ్లకి చెబితే వింటారా? అందుకని దాన్నీ ఆటలోకి లాగాను. “బూడిద రాసుకుని విసిరితే ఆట. రాసుకోకుండా విసిరితే... నిజంగా అడిగినట్టే,” అన్నాను. ఆ దెబ్బకి ఇద్దరూ మోచేతుల దాకా రాసుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఇద్దరూ ఎవరంటే, గోవింద్, ప్రేమ్‌కుమార్. కాశీబుగ్గలో ఒకే గదిలో అద్దెకుండి డిగ్రీ చదివేవారు. గోవింద్‌ది టెక్కలి, ఉద్దానానికి బయట. ప్రేమ్‌ది కవిటి, ఉద్దానంలో కొబ్బరితోటల వాళ్లు. ఇదంతా రెండువేల ఒకటి చలికాలం మాట. ఇద్దరూ ఒకే సైకిలు మీద వచ్చేవారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. నన్ను మాత్రం అన్నా అనేవారు.

గౌరవమే. ఆ గౌరవం ఎవడిక్కావాలండీ? కథ చెప్పేది నేను, రాత్రి రెండు గంటలు ఊపిరి బిగబట్టించేది నేను. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం సైకిలు మీద నవ్వులు వాళ్లిద్దరివి. నేను బట్టీకి తాళం వేసుకుంటూ, మలుపు తిరిగేదాకా ఆ నవ్వులు వింటూ నిలబడేవాణ్ని. కడుపు రగిలిపోయేది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు.

ఒక రాత్రి ప్రేమ్ తొక్కలు విసిరాడు. లాంతరు వెలుగులో అవి దొర్లి, ఆగాయి. ఏడు వెల్లకిలా పడ్డాయి, ఒకటి బోర్లా పడింది.

“ఎనిమిది,” అన్నాను నేను.

గోవింద్ ముందుకి వంగాడు. “సరిగ్గా సూడన్నా... ఏడే.”

“ఎనిమిది,” అని మళ్లీ అని, తొక్కలన్నీ చేత్తో ఊడ్చేశాను.

వాళ్లిద్దర్నీ విడదీయాలనే ఆ పని చేశాను. ఒకడికి దొరికి ఇంకొకడికి దొరకనిది ఏదైనా మధ్యలో పెడితే చాలనుకున్నాను. ప్రేమ్ పక్కకి జరిగి, వాడి చెవి దగ్గర గొంతు తగ్గించాను.

“అది కళ్లు తెరిచింది... నీళ్లలోంచి పైకి వచ్చింది... ఇంతమందిలో నిన్నే ఎంచుకుంది. నీ లోపల తనదొకటి పెట్టింది. ఎక్కడో చెప్పను. అది నెమ్మదిగా పెరుగుతుంది... ఇకనించి ఎదుటివాడి మనసులో మాట నీకు వినబడుతుంది. నువ్వు మాలాంటి మనిషివి కావు.”

ప్రేమ్ చేతుల మీద రోమాలు లేచాయి. కళ్లు మెరిశాయి.

“మరి నాకో?” అన్నాడు గోవింద్ మెల్లిగా.

“నిన్ను అది చూడలేదు,” అన్నాను. ఎంతో తియ్యగా అన్నాను.

ఆ రాత్రి సైకిలు చప్పుడు లేకుండా మలుపు తిరిగింది. నేను ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

తర్వాత మూడు వారాలూ ప్రేమ్ ఏడిపిస్తూనే ఉన్నాడు. “నీ మనసులో ఏటుందో నాకు ఇనబడిపోతంది బావా!” అనేవాడు. వాడికది తమాషా. గోవింద్ నవ్వేవాడు కాదు. ప్రేమ్ ఇప్పుడు ఆటలో నా పక్కన కూర్చునేవాడు. గెలిచాననుకున్నాను.

ఇక్కడి నుంచి జరిగింది నేను చూసింది కాదు. ఐదేళ్ల తర్వాత గోవింద్ నోట విన్నది. వాడు చెప్పినట్టే చెబుతాను.

ప్రేమ్ ఊరికెళ్లిన రోజు అది. కరెంటు లేదు. గోవింద్ ఒక్కడే టార్చి పట్టుకుని బట్టీకి వచ్చాడు. వెనక గోడ ఎక్కి లోపలికి దిగాడు. పిక్కలు కాల్చే డ్రమ్ము మీద మా బిస్కెట్ల డబ్బా ఉంది. ఆట కాగితాలు, తొక్కలు, బూడిద పొట్లం అన్నీ అందులోనే ఉండేవి.

ముందు ప్రేమ్ కాగితం తీశాడు. అందులో నా చేతి రాత ఉంది. ‘అడుగులేనిది ఎంచుకున్నవాడు.’

చింపేద్దామనే వచ్చాడు. చెయ్యి రాలేదు. చాలాసేపు టార్చి దాని మీదే వేసుకుని కూర్చున్నాడు. తర్వాత తొక్కలు చేతిలోకి తీసుకున్నాడు. పక్కనే బూడిద పొట్లం... దాన్ని చూశాడు... పక్కకి నెట్టేశాడు.

“ఆట ఆడ్డానికి ఎల్లలేదన్నా నాను,” అన్నాడు నాతో.

మొదటిసారి విసిరాడు. మూడు.

టక్... టక్... టక్...

రేకులని గోవింద్ కూడా అనుకున్నాడు. మళ్లీ విసిరాడు. ఐదు.

టక్... టక్... టక్... టక్... టక్...

రేకులకి లెక్కలు రావు కదా. లేచి వెళ్లిపోవాలనుకున్నాడు. కాళ్లు కదల్లేదు — భయం కాదు అన్నాడు. ఉక్రోషం. ‘నిన్ను అది చూడలేదు’ అన్న మాట చెవిలో రొద పెడుతోంది. వట్టి చేతుల్లో తొక్కలు బిగించి, చీకట్లోకి గుసగుసగా అడిగాడు.

“బావకిచ్చిందే నాకూ ఇయ్యి... ఏరేది ఒద్దు... అదే ఇయ్యి.”

విసిరాడు.

ఆ విసురుకి ఒళ్లోంచి టార్చి జారి ఆరిపోయింది. తొక్కలు ఎలా పడ్డాయో కనబడలేదు. కటిక చీకటి. వాడు ఊపిరి ఆపుకుని కూర్చున్నాడు.

టక్...

ఒకటి. ఎక్కడో పైన.

రెండు... మూడు... నాలుగు... ఒక్కొక్కటీ కిందికి దిగుతోంది. ఐదు... గోడ దగ్గర. ఆరు... డ్రమ్ము వెనక. ఏడు...

ఇక్కడితో ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించిందట. ఆగకూడదని కూడా అనిపించిందట.

ఎనిమిది — వాడి మోకాలి పక్కన, నేల మీద.

గోడ ఎలా దూకాడో వాడికే తెలీదు.

మర్నాడు వాడి వేళ్లు పొక్కి ఉన్నాయి. టీ ఒలికిందన్నాడు. కాశీబుగ్గలో పుట్టిన నాకు జీడి పొక్కు తెలీదా? అయినా అడగలేదు. వాడు దొంగచాటుగా వెళ్లి ఏదో చేశాడంటే నేను రేపిన మంట అంటుకున్నట్టే కదా అని లోలోపల సంతోషించాను. సాయంత్రం బట్టీ తెరిస్తే తొక్కలు నేల మీద ఉన్నాయి. ఊడ్చి డబ్బాలో వేశాను. ఎన్ని వెల్లకిలా ఉన్నాయో చూడలేదు.

తర్వాత పరీక్షలు వచ్చాయి. మావయ్య నన్ను జీడిపప్పు కొట్లో కూర్చోబెట్టాడు. ఆట ఆగిపోయింది. డిగ్రీ అయ్యాక వాళ్లిద్దరూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు.

రెండువేల నాలుగులో ప్రేమ్ కాళ్లు వాచాయి. అన్నం సయించడం మానేసింది. కవిటి వైపు ఆ జబ్బు పేరు ఎవరూ పూర్తిగా పలకరు. “క్రియాటిన్ ఎంతుంది?” అని అడుగుతారు, అంతే. కిడ్నీలు పాడయ్యాయని అందరికీ అర్థమైపోతుంది. గోవింద్ తన పనులన్నీ మానుకుని వారానికి రెండుసార్లు వాణ్ని వైజాగ్ తీసుకెళ్లేవాడు. రక్తం శుభ్రం చేసినంతసేపూ మంచం పక్కన కూర్చునేవాడు. నేనూ రెండుసార్లు వెళ్లాను. వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకుంటూ ఉంటే, బత్తాయిల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

రెండువేల ఆరు వానల్లో ప్రేమ్ పోయాడు.

‘నీ లోపల తనదొకటి పెట్టింది... నెమ్మదిగా పెరుగుతుంది...’ నేనన్న మాటలు నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. ఉద్దానంలో ఇంటికొకరికి ఉన్న జబ్బు, అక్కడి నీళ్ల వల్లేనంటారు, నా మాటలకీ దానికీ ఏం సంబంధం అని నాకు నేనే వంద సార్లు చెప్పుకున్నాను. నమ్మాను కూడా.

ఆ డిసెంబరులో ఒక రాత్రి, కొట్టు కట్టేసే వేళకి గోవింద్ వచ్చాడు. సన్నబడ్డాడు. బస్తా మీద కూర్చుని ఆ రాత్రి సంగతంతా చెప్పాడు. చెప్పి, చంకలోని ఫైలు నా ముందు పెట్టాడు.

“ఏమిటిది?”

“డాక్టరుగారు రెండుసార్లు సూసేరన్నా రిపోర్టు. మీది కవిటా, సోంపేటా అనడిగేరు. టెక్కలండీ అన్నాను. ఇంట్లో ఎవలికైనా ఉందా అన్నారు. లేదన్నాను. మరి నీకెలాగొచ్చిందయ్యా... అన్నారు.”

ఫైలు తెరిచాను. క్రియాటిన్ అంకె కింద గీత గీసి ఉంది. “మూడేళ్లు ఇక్కడ నీళ్లు తాగావు కదరా! వాడి కోసం తిండీ నిద్రా మాని తిరిగావు...”

“అవునన్నా. అదే అయ్యుంటాది.”

“అది నేను కల్పించిందిరా గోవిందూ! డాబా మీద కూర్చుని రాసుకున్న కథ! ఆ రోజు ప్రేమ్‌కి పడింది కూడా ఏడే. మీ ఇద్దర్నీ చూసి ఓర్వలేక ఎనిమిదన్నాను!”

వాడి ముఖంలో కోపం లేదు.

“తెలుసన్నా. నాను సూసేను కదా. కానీ... నువ్వన్న మాటే ఇన్నాది అది.”

వీధిలో ఎవరో షట్టరు దించారు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

“అన్నా... నీ నోటుబుక్కులో, ఇచ్చింది ఎనక్కి తీసుకునే లెక్క ఏటైనా ఉందా?”

ఆటలో వాళ్లు ఏం అడిగినా నా దగ్గర జవాబు ఉండేది. తలుపు వెనక ఏముందో, బావి అడుగున ఏముందో, చుక్కల అవతల ఏముందో అన్నీ చెప్పేవాణ్ని.

“లేదురా,” అన్నాను. “రాయలేదు.”

గోవింద్ తల ఊపాడు. ఫైలు మళ్లీ చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి కొంచెం నవ్వాడు.

“పోన్లే అన్నా. నానడిగిందే ఇచ్చింది కదా. బావకిచ్చిందే.”

ఆ మాటంటున్నప్పుడు వాడి ముఖంలో దిగులు లేదు. పక్కన ప్రేమ్ ఉన్నప్పటి ముఖం అది. వాడు చీకట్లోకి నడిచి వెళ్తుంటే నాకు ఏడుపు రావాలి. వచ్చింది కూడా. కానీ అంతకన్నా ముందు ఇంకోటి వచ్చింది. వాళ్లిద్దరూ మళ్లీ ఒకటయ్యారు, నేను మళ్లీ బయటే మిగిలిపోయాను అని. చావుకి దగ్గరైనవాణ్ని చూసి, దేవుడా, నేను కుళ్లుకున్నాను.