కొంగున ముడి

ఆ పొద్దున చీర కట్టుకుంటుండగా డాక్టర్ శర్వాణికి కొంగు చివర ముడి కనిపించింది. చిన్నదే గాని గట్టిగా బిగించి ఉంది. ఏదో మరిచిపోకూడదని వేసుకున్న ముడే. ఆ ఏదో ఏమిటో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఈ మధ్య అలమరలోంచి ఏ చీర తీసినా ఇదే వరస. నగరమంతా వెండిరంగు అంగీలు తొడుక్కుని తిరుగుతుంటే తానొక్కతే అమ్మమ్మ నేతచీరలు కడుతుంది. చీరలతోపాటు అమ్మమ్మ మతిమరుపు కూడా వచ్చినట్టుందని నవ్వుకుని, ముడి విప్పకుండానే తాను పనిచేసే కాన్పుల ఆసుపత్రి మాతృసౌధానికి బయల్దేరింది.

మేరునగరం అలల మీద మెల్లగా ఊగుతోంది. తీరాలన్నీ ఒక్కొక్కటే సముద్రం పాలయ్యాక, 2060 ప్రాంతంలో కలిగినవాళ్లు కట్టుకున్న తేలే నగరం అది. అక్కడ వండటానికి యంత్రం, ఊడవటానికి యంత్రం. బిడ్డల్ని కనడానికి కూడా ఒకప్పుడు యంత్రాలే పెట్టారు. గాజు గర్భాల్లో పెరిగిన పిల్లలు బొద్దుగా, ఏ లోటూ లేకుండా పుట్టారు గాని మూడేళ్లు నిండినా నవ్వలేదు. దాంతో గాజు గర్భాల్ని గోదాముకు తోలి మళ్లీ ఆడమనిషి కడుపునే నమ్ముకున్నారు. తమ ఇంటి ఆడవాళ్ల కడుపు కాదు లెండి. ఊళ్లు మునిగి, నేల మీద శిబిరాల్లో తలదాచుకున్న ఆడవాళ్ల కడుపు.

వాళ్లు ఓడెక్కి వస్తారు. కడుపు పండుతుందన్న భరోసా కోసం, అప్పటికే ఒక బిడ్డను కన్నవాళ్లనే తీసుకుంటారు. రెండు కాన్పులు చేసి ఇస్తే, శిబిరంలో వదిలివచ్చిన సొంత బిడ్డను నగరానికి తెచ్చుకునే ప్రవేశపత్రం ఒకటి చేతిలో పెడతారు. ఎవరి బిడ్డనో కంటేగాని తన బిడ్డ దక్కదు. ఇష్టపడే వచ్చామని సంతకం కూడా వాళ్లే చెయ్యాలి.

మొదట్లో కనిచ్చిన ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడ్చేవారు. పాలు పొంగి రవికెలు తడిసిపోతుంటే తలుపులు కొట్టేవారు. ఆ ఏడుపు విని ఓర్చుకోలేకే శర్వాణి పదేళ్లు శ్రమపడి ఒక పరికరం తయారుచేసింది. పత్రాల్లో దాని పేరు బంధశమని, ఇంగ్లీషులో అటాచ్‌మెంట్ డిమ్మర్. ఆడవాళ్లు మాత్రం మరపుటోపీ అంటారు. తల మీద వలలాంటి టోపీ పెట్టి, మోసి కన్న బిడ్డను పావుగంటసేపు తలచుకోమంటారు. అప్పుడు మెదడులో ఏ కణాలు వెలుగుతాయో టోపీ కనిపెట్టి, సన్నని తరంగాలతో వాటిని ఆర్పేస్తుంది. ఏది వెలిగితే అది ఆరుతుంది. ఆరింది మళ్లీ వెలగదు. ఏడుపులు ఆగిపోయాయి. శర్వాణికి బంగారు పతకం ఇచ్చారు.

ఆమె వెళ్లేసరికి గది ముందు బెంచీ మీద నూకరత్నం కూర్చుని ఉంది. రెండో కాన్పు అయి, టోపీ కూడా అయి పన్నెండు రోజులు. చేతిలో ప్రవేశపత్రం దరఖాస్తు.

"ఏం నూకరత్నం, ఇవాళ్టితో నీ పని అయిపోయింది కదా! సంతకం పెట్టి ఇచ్చేశావా?"

"పన్నెండు గంటల్దాకా టైముందంటమ్మా. మీరు సెప్తేనే పెడదామని కూకున్నాను."

"నేనేం చెప్పాలి?"

నూకరత్నం ఆమె మొహంలోకి వింతగా చూసింది. "మొన్న మంగళారం అడిగాను కదమ్మా. సూసి సెప్తానన్నారు. కళ్లనీళ్లు కూడా ఎట్టుకున్నారు. మర్సిపోకూడదని నా ముందే కొంగుకి ముడేసుకున్నారు."

శర్వాణి చెయ్యి తెలియకుండానే కొంగు మీదికి పోయింది. మంగళవారం నూకరత్నాన్ని చూసినట్టే ఆమెకు జ్ఞాపకం లేదు. రోజుకు పాతికమందిని చూస్తుంటే ఎవరు గుర్తుంటారులే అని సర్దిచెప్పుకుంది.

"మళ్లీ ఒకసారి చెప్పు."

"వారం వారం ఫోన్లో మా అక్క ఓ పిల్లని సూపిత్తాదమ్మా. ఏడేళ్లుంటాయి. ముందు పన్ను ఊడింది. నన్ను సూసి అమ్మా అని ఏడుత్తాది. నీ కూతురే రత్నం, సిన్నారే అంటాది అక్క. నాకేమో పక్కింటి పిల్లని సూసినట్టుంటాది. జాలేత్తాది, అంతే. నేను పిల్లని కన్నట్టే నాకు తెలవదు. అక్క మంచిదే. కానీ శిబిరంలో ఎవురో ఒక పిల్లని పైకి పంపేద్దారని నా పేరు వాడతందేమో! ఆ పిల్ల ఇక్కడికొచ్చాక రత్తం పరీచ్చ సేత్తారంట. కాదని తేలితే ఇద్దర్నీ ఎనక్కి పంపేత్తారంట. మీ కాడ నా ఫైలుంది. మీరు అవునంటే కళ్లు మూసుకుని సంతకం ఎట్టేత్తాను."

"సంతకం పెట్టకపోతే?"

"పత్రం పోద్ది. నాకు పిల్లలే లేకపోతే మరి రెండు కాన్పులు ఎవరి కోసం సేసినట్టమ్మా? అదే అర్థం కాక సత్తన్నాను."

శర్వాణి ఇక్కడే కూర్చో అని చెప్పి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. టోపీని నడిపే సేవికను పిలిచింది. సేవిక అంటే గోడలోంచి మాట్లాడే యంత్రం, అలసట ఎరగని మెత్తటి గొంతు.

"నూకరత్నం ఫైలు చదువు."

"ఊరు, ఉప్పాడ దగ్గర ఇప్పుడు లేని ఒక పల్లె. సొంత సంతానం ఒక ఆడపిల్ల, పేరు చిన్నారి. మొదటి కాన్పు తర్వాత ఒకసారి టోపీ, రెండో కాన్పు తర్వాత ఒకసారి."

"మొదటిసారి టోపీ పెట్టినప్పటి దృశ్యం చూపించు."

తెర మీద రెండేళ్ల కిందటి నూకరత్నం కుర్చీలో బిగుసుకుపోయి ఉంది. ఏడో నిమిషంలో గుండె దడ పెరిగింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు కదిలాయి. సేవిక ఆ శబ్దం పెంచి వినిపించింది. "సిన్నారీ, బయపడకే. అమ్మ ఒచ్చేత్తాది. అమ్మ ఒచ్చేత్తాదే."

మెదడు పటంలో ఒక పెద్ద వెలుగు లేచింది. కనిచ్చిన బిడ్డ తాలూకు మిణుకు దాని పక్కన ఆనలేదు. టోపీ తన పని తాను చేసింది. వెలుగు సన్నగిల్లి, ఆరిపోయింది. నూకరత్నం కళ్లు తెరిచి, దాహమేస్తోందని మంచినీళ్లు అడిగింది.

శర్వాణి తల పట్టుకుంది. భయమేసినప్పుడు మనిషి ఎవరిని తలచుకుంటుంది? ఓడెక్కేటప్పుడూ, నొప్పులు పడేటప్పుడూ ఎవరి మొహం తలచుకుని ధైర్యం తెచ్చుకుందో ఆ మొహాన్నే కుర్చీలోనూ తలచుకుంది. అద్దె బిడ్డ మీది మమకారం వేరు, సొంత బిడ్డ మీది మమకారం వేరు అని టోపీకి ఎవరు నేర్పారు? కనిపెట్టిన తనకే తెలియలేదు.

"ఎంతమందికి ఇలా జరిగింది?"

"టోపీ పెట్టిన నూట పన్నెండు మందిలో డెబ్బై మూడు మందికి. వాళ్లలో అరవై మంది ప్రవేశపత్రం వద్దనుకుని మూడో కాన్పుకు ఒప్పుకున్నారు. యాజమాన్యం సంతోషించింది."

"ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు?" శర్వాణి అరిచింది.

"చెప్పాను డాక్టర్‌గారూ. ఇప్పటికి ఏడుసార్లు."

ఇంట్లో అలమరలో చీరలు, ప్రతి చీర కొంగునా బిగించిన ముడి, ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందుకు వచ్చాయి.

"చెప్పినప్పుడు నేనేం చేశాను?"

"ప్రతిసారీ ఏడ్చారు. అందరికీ నిజం చెప్పేస్తానన్నారు. రాజీనామా రాశారు. కొంగుకు ముడి వేసుకున్నారు. కాసేపు కిటికీలోంచి సముద్రాన్ని చూశారు. తర్వాత రాజీనామా చింపి, కుర్చీలో కూర్చుని టోపీ పెట్టమన్నారు."

శర్వాణికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుసార్లు! ఒక్కసారైతే పిరికితనం అనుకోవచ్చు. ఏడుసార్లంటే అది అలవాటు.

లేచి తలుపు దాకా వెళ్లింది. అద్దంలోంచి బెంచీ కనిపిస్తోంది. నూకరత్నం ఎటో చూస్తోంది గాని, ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఎవరో పడుకున్నట్టు మెల్లగా, ఒకే లయలో జోకొడుతోంది. ఏ బిడ్డను జోకొడుతుందో ఆ చేతికి తెలుసు, మనిషికి తెలియదు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. చెప్పవలసింది ఒక్క మాట. అవును. అది శర్వాణి నాలుక చివరే ఉంది.

ఆ మాట చెబితే, కన్నతల్లికి బిడ్డ ఎందుకు గుర్తు లేదో కూడా చెప్పాలి. అంటే టోపీ తప్పు చేసిందని ఒప్పుకున్నట్టే. విచారణ జరుగుతుంది, పతకం పోతుంది, ఉద్యోగం పోతుంది. ఉద్యోగం లేనివాళ్లు నలభై రోజుల్లో మేరునగరం విడిచి వెళ్లాలి. అమ్మమ్మ ఒకప్పుడు ఇలాంటి ఓడలోనే ఎవరి ఇంటికో ఆయాగా వచ్చింది. శిబిరంలో బురదనీళ్లు వడగట్టుకుని తాగేవాళ్లమని చెప్పేది. ఆ ఓడే తనను తిరిగి తీసుకుపోతుంది. శర్వాణి చెయ్యి గడియ మీద ఉండిపోయింది. కిటికీ అవతల సముద్రం ఎండలో మెరుస్తోంది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది.

"మామూలుగానేనా, డాక్టర్‌గారూ?" సేవిక మర్యాదగా అడిగింది.

శర్వాణి కొంగు అందుకుని, ఉన్న ముడి మీద ఇంకో ముడి వేసి పళ్లతో బిగించింది. ఒక్క ముడి కాబట్టి ఇన్నాళ్లూ మరిచిపోయాను, రెండుంటే తప్పకుండా గుర్తొస్తుంది, వచ్చే వారం నిదానంగా అన్నీ చూసుకుని చెప్పేద్దాం అని తనకు తానే చెప్పుకుంది. పన్నెండు దాటితే ఆ పత్రం చెల్లదని ఆమెకు తెలుసు. వెళ్లి కుర్చీలో కూర్చుంది.

టోపీ తల మీదికి దిగింది. "దేన్ని మరవాలో దాన్ని తలచుకోండి" అంది సేవిక. శర్వాణి కళ్లు మూసుకుంది. ముందు పన్ను ఊడిన పిల్ల ఒకతి కనిపించింది. తెర మీద వెలుగు లేచింది.

బయట నూకరత్నం, డాక్టరమ్మ ఏ క్షణాన పిలుస్తుందోనని, కాగితం మడత పడకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.