పన్నెండో షరతు

టీ గ్లాసులతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మే వ్యాపారం. పెట్టుబడి కూతురిది, ఆరేళ్ళ జీతంలో మిగిల్చుకున్నది. పనితనం ఎదురుగా కూర్చున్న వడ్రంగిది. నడుముకి టేపు లేకుండా కనబడడు కనుక ఇంట్లో అతని పేరు కొలతల బాబు. ఇద్దరూ ఒప్పందం రాసుకోవడానికి కూర్చున్నారు. దెబ్బలాడుకుంటారని అమ్మకు పొద్దుటినుంచీ గుండెదడ. దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. కాకపోతే తలకిందులుగా!

"నష్టమొస్తే ముందు మీ డబ్బు మీకు. నా కూలి తర్వాతండీ."

"ఆర్నెల్లు ఉత్తినే రంపం లాగుతారా? కూలి నెలనెలా తీసుకోండి. లాభం చెరిసగం."

"సగమా! మరీ ఎక్కువండీ."

"తగ్గిస్తే నేను సంతకం పెట్టను."

ఎవరి పీక వాళ్ళే కోసుకునే భాగస్తుల్ని అమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇందులో ఏదో మతలబు ఉంది.

"ఇల్లెవరి పేరున?" అంది, బల్ల దగ్గరికొచ్చి.

"ఇద్దరి పేరునా," అంది కూతురు.

"ఒకరు మధ్యలో వదిలేస్తే?"

"బయటివాళ్ళతో ధర కట్టించి రెండోవాళ్ళు కొనుక్కోవచ్చు. ఎనిమిదో షరతు."

"చెయ్యి విరిగితే?"

"తొమ్మిది."

"ఇల్లు కూలితే?"

"బీమా. పది."

"ఒకరు పోతే?"

"అమ్మా!"

"పదకొండండీ," అన్నాడతను వినయంగా.

అసలు భయం అమ్మ కడుపులోనే ఉంది.

"రేపు నీకు పెళ్ళవుతుంది బాబూ. వచ్చినావిడ 'మా ఆయన వాటా అమ్మేయండి' అంటే నా కూతురు మొండిగోడల మధ్య నిలబడాలా? రాయండి. రెండోవాళ్ళ సమ్మతి లేనిదే ఎవరూ పెళ్ళి చేసుకోకూడదు."

"నీకు మతి పోయిందా!" కూతురి మొహం కందగడ్డయింది.

అతను మాత్రం పన్నెండు అని అంకె వేసి, పొల్లుపోకుండా రాశాడు.

"ఆ సమ్మతి ఇప్పుడే అడగొచ్చాండీ?"

"ఎవర్ని చేసుకోడానికి?" అంది కూతురు.

అతను టేపు కొస లాగి వదిలాడు. అది ఠప్పున లోపలికి దూరింది.

"రెండో భాగస్తురాలినే."

అమ్మ చేతిలో గ్లాసు జారింది. టీ పారి పదకొండు షరతులూ అలుక్కుపోయాయి. అట్టడుగున పన్నెండోది మిగిలింది. కూతురు పెన్ను లాక్కుని దాని కింద సంతకం గిలికేసింది.

అమ్మ కొంగుతో బల్ల తుడిచింది. కొత్త కాగితం ముందుకు తోసింది.

"లాభం చెరిసగం అని ముందు రాయవే. అల్లుడు మొహమాటానికి మళ్ళీ తగ్గించుకుంటాడేమోనని భయంగా ఉంది!"