నత్రజని పోసే చెయ్యి

ఆదివారం పొద్దున్న యాన్‌రు భోజనాల బల్ల మీద మూడు కంప్యూటర్ ప్రాసెసర్లు పరుచుకుని కూర్చుంది. మూడూ ఒకే రకం, ఒకే ధర. అయినా ఏ రెండూ ఒకేలా పరుగెత్తవు. ఒక్కోదాన్నే బోర్డులో బిగించి, తయారుచేసినవాళ్ళు చెప్పిన వేగాన్ని దాటించి, ఏది ఎంతదాకా తట్టుకుంటుందో చూసి ఏరుకోవాలి. శనివారమే తైపేలో ఈ వేగాల పోటీ.

"ఫ్రిజ్ రాత్రంతా మూలుగుతోందని మొత్తుకుంటుంటే ఒక్కరూ వినరు. ఇవి మాత్రం మూడు!" సోయా పాల గిన్నెలు బల్ల మీద పెడుతూ అంది తల్లి లీహువా. "అమ్మినవాడు చెప్పిన వేగం మీ తండ్రీకూతుళ్ళకి ఎందుకు చాలదో నాకిప్పటికీ అర్థం కాదు."

"చాలితే ఇంక మజా ఏముంది?" అంటూ వచ్చి కూర్చున్నాడు తండ్రి వెన్‌బిన్.

మదర్‌బోర్డులు చేసే కంపెనీలో, వాటిని పరీక్షించే గదిలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. కూతురికి ఈ పిచ్చి అంటించింది ఆయనే. పోటీల్లో ప్రాసెసర్ మీద రాగి గిన్నె నిలబెట్టి, అందులో పొగలు కక్కే ద్రవ నత్రజని పోసి చల్లబరుస్తారు. పోయడం ఎప్పుడూ ఆయన వంతు, కీబోర్డు ముందు కూర్చోవడం కూతురి వంతు.

"రెండోది పెట్టు. మొదటిది ఉరుకుతుంది గానీ చలిని తట్టుకోదు," అంటూ ఆయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అదిరింది. తగిలి సోయా పాల గిన్నె ఒరిగి, పాలు బోర్డు వైపు పారాయి.

"నాన్నా! కాస్త చూసుకోవద్దూ!" యాన్‌రు బోర్డును లాక్కుని లేచింది.

వెన్‌బిన్ కాగితం తీసి తుడవబోయాడు. తుడిచినకొద్దీ పాలు ఇంకా పరుచుకున్నాయి. యాన్‌రు మొహం తిప్పుకుంది.

ఆ వారమంతా ఆమెకు కుదురు లేదు. పోటీకి తన జోడీగా ఆఫీసులో స్నేహితుడు గ్వాన్‌తింగ్ పేరు ఇచ్చేసింది. నాన్నకు ఇంకా చెప్పలేదు. పొద్దున్నే చెబుదామనుకుని స్కూటరెక్కి వెళ్ళిపోయేది. ఇంటికొచ్చాక చెబుదామనుకుని కంప్యూటర్ విప్పుకుని కూర్చునేది. నిలకడగా నడుస్తున్నదానికి అవసరం లేకపోయినా వోల్టేజి పెంచేది. అది ఠక్కున ఆగిపోయేది. విసుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టేది. వెనకనుంచి నాన్న, "తొందరపెట్టకు, దాన్ని ఊపిరి పీల్చుకోనీ," అంటే, ఆ మాట తననే అన్నట్టు ఉలిక్కిపడేది.

గురువారం సాయంత్రం అందరూ భోంచేస్తుండగా గ్వాన్‌తింగ్ వచ్చాడు. చేతిలో అనాసపండు బిస్కెట్ల డబ్బా, చంకలో కొత్త చేతి తొడుగులు.

"బాబాయ్, మీరేం బెంగపడకండి. శనివారం నత్రజని నేను జాగ్రత్తగా పోస్తాను," అన్నాడు నవ్వుతూ.

లీహువా చేతిలోని ముల్లంగి ఆమ్లెట్ పళ్ళెం గాల్లోనే ఆగింది. యాన్‌రు తల వంచుకుంది. ఏదో తప్పు దొర్లిందని గ్రహించిన గ్వాన్‌తింగ్, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

"నన్నెప్పుడు తీసేశావు?" అడిగాడు వెన్‌బిన్.

"తీసెయ్యడం కాదు నాన్నా..."

"మరేమంటారు దాన్ని? ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని ఏ ప్రాసెసర్ బాగుందని అడుగుతూనే ఉన్నావుగా!"

"ఏం చెయ్యమంటావు?" యాన్‌రు గొంతు లేచింది. "నీ చెయ్యి వణుకుతోంది! ఆ నత్రజని ఒంటిమీద ఒలికితే చర్మం ఊడొస్తుంది. నీకు కనబడటం లేదా?"

వెన్‌బిన్ చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

లీహువా కూతురి పక్కన కూర్చుంది. "ముసలితనపు వణుకు కాదే అది. నరాల జబ్బు. పోయిన ఏడాదే డాక్టరు చెప్పాడు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు మీ నాన్న."

యాన్‌రుకు పాలు ఒలికిన రోజు తను అరిచిన అరుపు గుర్తొచ్చింది. లేచి వెళ్ళి తలుపు తట్టింది. ఆగకుండా తోసుకుని లోపలికి వెళ్ళింది. వెన్‌బిన్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

యాన్‌రు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయనే మళ్ళీ అన్నాడు: "ఈ చేత్తో పోయలేనని నాకు తెలీదనుకున్నావా? ఈసారి నువ్వే పొయ్యి అని చెబుదామని రోజూ అనుకున్నాను. చెబితే ఇక నాకక్కడ పనేముంటుంది? అందుకే నోరు రాలేదు. కానీ ఆ మాట నీ నోటినుంచి వినాల్సింది, ఆ అబ్బాయి నోటినుంచి కాదు."

యాన్‌రు నేలమీద కూలబడి ఆయన మోకాళ్ళకు తల ఆనించి ఏడ్చింది. "నీకు చెప్పాలంటే భయమేసింది. నువ్వు లేకుండా ఆ గిన్నె ముందు ఎప్పుడూ నిలబడలేదు నేను."

"ఏడవకు. అబ్బాయిని కీబోర్డు దగ్గర కూర్చోబెట్టు. నువ్వు పొయ్యి. నేను చెబుతాను."

శనివారం హాలంతా గోలగోలగా ఉంది. రెండో ప్రాసెసరే పెట్టారు. గ్వాన్‌తింగ్ వేగం పెంచుతుంటే యాన్‌రు నత్రజని పోసింది. పక్కన కుర్చీలో వెన్‌బిన్, ఉష్ణోగ్రత చూపే అంకెల మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెబుతున్నాడు.

"పొయ్యి... ఇంకొంచెం... ఆగు! మరీ చల్లబడితే ప్రాసెసర్ ఆగిపోతుంది. వేడెక్కనీ... ఇప్పుడు పొయ్యి."

ఆయన గొంతు గట్టిగా, నిదానంగా ఉంది. వారం రోజులుగా కుదురు లేని యాన్‌రు ఆ గొంతు వింటూ నెమ్మదించింది. తెర మీద వేగం చూపే అంకె పెరిగింది, మళ్ళీ పెరిగింది. తండ్రీకూతుళ్ళు ఎన్నడూ చూడని అంకె దగ్గర ఒక్క క్షణం నిలిచింది; ఆ వెంటనే ప్రాసెసర్ ఆగి తెర నల్లబడింది.

ఆ అంకెకు నాలుగో స్థానం వచ్చింది. బహుమతి ఏమీ లేదు. ప్రేక్షకుల్లోంచి లీహువా మాత్రం గెలిచినంత గోల చేసింది.

తర్వాత, ఏళ్ళుగా పోటీల్లో ఆయన్ని ఎరిగిన గెలిచినవాళ్ళు వరసగా వచ్చి వెన్‌బిన్‌కు చెయ్యి అందించారు. ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. కూతురి వైపు చూసి, అదురుతున్న చేతిని అందరి ముందూ అలాగే చాపాడు.

"ఈమె మా అమ్మాయి," అన్నాడు. "ఇకనుంచి పోసేది తనే."