బొగ్గుల కొట్టులో నలుగురు

డిసెంబరులో బుడాపెస్ట్‌లో నాలుగింటికే చీకటి పడిపోతుంది. దస్తావేజుల భవనానికి ఆ సాయంత్రం చదువరులెవరూ రాలేదు. పిరోష్కా ఒక్కతే పొడవాటి బల్ల ముందు కూర్చుని, యుద్ధకాలంలో నాజీలతో చేతులు కలిపిన బాణాల శిలువ పార్టీ కాగితాల పెట్టెలు విప్పుతోంది. యాభై ఏళ్ళనాటి సరుకు. యూదుల్ని ఎలుకల్లా గీసిన గోడపత్రికలు, వాళ్ళ మీద అచ్చొత్తించిన పచ్చి అబద్ధాలు, ఆ అబద్ధాలు నమ్మిన ఇరుగుపొరుగులు పార్టీ ఆఫీసుకి రాసిన ఆకాశరామన్న ఉత్తరాలు.

"రేపేగా మీ తాతయ్య శిలాఫలకం ఆవిష్కరణ?" వాకిట్లోంచి డెజో అడిగాడు. వచ్చినవాళ్ళ కోట్లు విప్పించి తగిలించడం ఆయన ఉద్యోగం. "తినడానికేమైనా ఉంటుందా, ఉపన్యాసాలతో సరిపెడతారా?"

"ఉప్పు రొట్టెలు చేస్తున్నా. మీకు రెండు దాస్తాలెండి."

"రెండా? మీ తాతయ్యది పెద్ద చెయ్యి. నీకు రాలేదమ్మాయ్."

పిరోష్కా నవ్వింది. తాత వెండెల్ అప్పట్లో తాముండే భవనానికి కాపలాదారు. నలభై నాలుగులో దర్జీ లుస్టిగ్‌నీ, భార్యనీ, కొడుకునీ, ముసలి తల్లినీ ఐదు వారాలపాటు బొగ్గుల కొట్టులో దాచాడు. తర్వాత ఎవరో పట్టిచ్చారు. నలుగురూ పోయారు. ఆ మాట వచ్చినప్పుడల్లా తాత కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆ దుర్మార్గుడెవడో రేపు సభలో పేరు పెట్టి చెప్పాలని ఆమె పట్టుదల.

మూడో పెట్టెలో దొరికింది. ఇది ఆకాశరామన్న ఉత్తరం కాదు, కింద సంతకం ఉంది. ఏటా తన పేరుపండక్కి, క్యాలెండర్లో తన పేరున్న రోజున, తాత శుభాకాంక్షలు రాసిచ్చిన గుండ్రటి చేతిరాతే.

"మా బొగ్గుల కొట్టులో నలుగురు యూదులున్నారని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. తలుపు బద్దలు కొట్టనక్కర్లేదు. సూప్ తెచ్చానని నేను పిలిస్తే వాళ్ళే తీస్తారు. తమ విధేయుడు, వెండెల్."

మళ్ళీ మొదట్నుంచీ చదివింది. తండ్రి లేని తనని పెంచిన మనిషి. ఆ ఏడుపంతా దొంగ ఏడుపేనా? ఇంత మోసమా తాతా? కానీ రేపు పేటంతా వస్తుంది. ఫలకం మీద ఉన్నది తన ఇంటిపేరు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క చీటీ కూడా పోనివ్వని పిరోష్కా, ఆ కాగితాన్ని మడిచి స్వెటర్ లోపల దోపుకుంది.

అప్పుడొచ్చింది వాసన. తడిసిన ఉన్ని... బొగ్గు మసి... చల్లారిన క్యాబేజీ సూప్...

తలెత్తింది.

ఎదురు బల్ల దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. ఎవరూ కోటు విప్పలేదు.

"వెండెల్ గారి మనవరాలివి కదూ," మగమనిషి గుసగుసగా అన్నాడు. "అచ్చం ఆయన పోలికే."

పిరోష్కా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"మమ్మల్ని పట్టిచ్చిందెవరో రాసిన కాగితం ఒకటి ఇక్కడ ఉందట. కాస్త వెతికి పెట్టమ్మా. మీ ఇంటివాళ్ళని తప్ప ఎవర్నీ నమ్మలేం."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది...

"లేదండీ. అలాంటిదేం లేదు."

"పోనీలే తల్లీ," పక్కనున్న ఆడమనిషి అంది. "నువ్వు చెప్పాక ఇంకేముంది. ఆయన సూప్ లేకపోతే మేం అన్నాళ్ళు బతికేవాళ్ళమే కాదు."

ముగ్గురు లేచారు. ముసలావిడ మాత్రం కదల్లేదు. కళ్ళు చికిలించి పిరోష్కా స్వెటర్ వంకే చూస్తోంది. పిరోష్కా గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కుర్చీలన్నీ ఖాళీ.

వాకిట్లో డెజో గొణుక్కుంటున్నాడు. "కోట్లతో లోపలికెలా పోనిచ్చానో నాకే తెలీదు. ముగ్గురే బయటికొచ్చారు. ఆ పెద్దావిడ ఏదీ?"

పిరోష్కా ఆయన్ని దాటుకుని వీధిలోకి నడిచింది. వెనక ఎవరూ లేరు. రెండుసార్లు చూసుకుంది. ట్రామెక్కి కూర్చున్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

అప్పుడు వినిపించింది. స్వెటర్ లోపల, సరిగ్గా గుండె దగ్గర... ముసలి గొంతు ఒకటి ఆ ఉత్తరాన్ని చదువుతోంది. కళ్ళద్దాలు పోగొట్టుకున్న మనిషిలా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ...

ఇంకా మొదటి వాక్యంలోనే ఉంది.