వాటా… గది…

మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే ఊరు సిరొంచ. అక్కడ అంకిస రోడ్డు వైపు సుశీలాబాయి ఇల్లుంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ సందులో మనుషులు నడవరు. కుక్కలు నడుస్తాయి, అవి కూడా కాస్త తొందరగానే.

ఆ ఇంటికి చెడ్డపేరు వచ్చింది ఈమధ్యే. సుశీలాబాయి నర్సు. సగం ఊరికి బొడ్డు కోసిన చెయ్యి. ఆమె పోయాక ఇంటికి తాళం పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఖాళీ వరండాలోంచి… గొంతు.

మొదట విన్నది సైకిళ్ళు బాగుచేసే కరీమ్. వినగానే సైకిల్ అక్కడే పడేసి కాలినడకన ఇల్లు చేరాడు.

"ఏమన్నది?" అని జనం మూగారు.

"వాటా… అన్నది. నా చెవులతోని విన్న. జర నీళ్ళియ్యుండ్రి."

ఊరంతా శంకరన్న వైపు చూసింది.

చూడక ఏం చేస్తుంది? సుశీలాబాయికి పిల్లల్లేరు. మంచం పట్టిన రోజుల్లో అన్నం తినిపించి, ఒళ్ళు కడిగి చూసుకున్నది యాదక్క. అందుకే ఇల్లు యాదక్కకు రాసింది. రాసిన వీలునామాను అమలు చేసే పనిని, నలుగురిలో మాట చెల్లే రైతని, శంకరన్నకు అప్పగించింది. కోర్టు అంతా సరిగ్గానే ఉందని ప్రొబేట్ కూడా ఇచ్చింది. మరాఠీలో వీలునామాను 'మృత్యుపత్ర' అంటారు. కోర్టులో ఆ మాట గట్టిగా చదివినప్పుడు శంకరన్న అరచేతులు చల్లబడ్డాయి. ఆయనకు మరాఠీ బాగానే వచ్చు. కానీ భయమేస్తే ఏ భాషైనా చెవిలో తెలుగైపోతుంది.

"ఆమె పోయినప్పటినుంచి ఏడాది దాకా ఆగొచ్చు. అప్పులూ బిల్లులూ తేల్చేసి, ఇల్లు అప్పగించెయ్యి," అన్నాడు వకీలు.

ఇంత మాటలో శంకరన్నకు 'ఆగొచ్చు' ఒక్కటే గుర్తుండిపోయింది.

మొదట్లో నిజంగానే పనులున్నాయి. మందుల షాపు బాకీ, కరెంటు బిల్లు, ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ దగ్గర పేరు మార్పు. అవన్నీ హోలీకి ముందే తెమిలాయి. తర్వాత మంచిరోజులు లేవన్నాడు. తర్వాత నాట్లన్నాడు. నాట్లయ్యాక కోతలు వచ్చాయి, అవి రాక మానవు కదా. ఏడాది ఎప్పుడో దాటిపోయింది.

దొంగబుద్ధి కాదు. ఇంట్లోంచి ఒక చెంచా కూడా తీసుకోలేదు. అసలు సంగతి ఇంకోటి. ఆ తాళంచెవుల గుత్తి మొలతాడుకు కట్టుకున్నప్పటినుంచి, ఆయన గలగలమని నడిచి వస్తుంటే చాయ్ హోటల్లో జనం లేచి కుర్చీ ఇస్తున్నారు. ఇచ్చేస్తే కుర్చీ ఉంటుందో పోతుందో!

యాదక్క గుడిసె ప్రాణహిత వరదలో కొట్టుకుపోయింది. అల్లుడి పశువుల కొట్టంలో ఓ మూల మంచం వేసుకుంది. చూరు కారుతుంది. అల్లుడు నోటితో ఏమీ అనడు, గేదెను మాత్రం రోజూ కాస్త ఆమె వైపు జరిపి కడుతున్నాడు. మళ్ళీ వానలు వచ్చేలా ఉన్నాయి.

"అన్నా, ఇల్లు ఎప్పుడిస్తవే?" అని ఆమె అడిగేది.

"ఇద్దాం యాదక్కా. యాడికి పోతది ఇల్లు?"

ఆమె మారుమాట్లాడకుండా వెళ్ళిపోయేది. అదే శంకరన్నకు నచ్చేది కాదు. తిట్టినా బాగుండేదని లోపల అనిపించేది.

తొలి వాన దంచికొట్టిన రోజు ఆయన రేగుంటలో ఏదో పంచాయితీ తెంపి వస్తున్నాడు. చీకటి పడింది. ఊరి మొదట్లోనే బండి టైరు పంక్చరైంది. అదే సమయానికి కరెంటు పోయింది. చుట్టుదారిన పోదామంటే మోకాటిలోతు బురద. ఇక ఆ సందొక్కటే మిగిలింది.

బండి తోసుకుంటూ నడిచాడు. మొలకున్న తాళంచెవులు గలగలమన్నాయి. ఎప్పుడూ ముద్దొచ్చే ఆ చప్పుడు ఇప్పుడు అస్సలు నచ్చలేదు. గుప్పిట్లో పట్టుకున్నాడు.

ప్రహరీగోడ వచ్చింది… సగం దాటింది…

"వాటా…"

శంకరన్న కాళ్ళు ఆగిపోయాయి. బండి మాత్రం రెండడుగులు ముందుకుపోయి పడిపోయింది.

గాలి వీచింది. గొంతు తెగింది. మళ్ళీ —

"వాటా… ఆ… గది…"

మగగొంతులా ఉంది. చచ్చిపోయాక గొంతు మారుతుందేమో, ఎవరు చూశారు?

"బాయీ," అన్నాడు శంకరన్న గోడకు చెప్తున్నట్టు, మెల్లగా. "నీదే ఇల్లు. నాదేం లేదు. మంచిరోజులు లేకుండె… నాట్లుండె…"

"గది…"

"అన్ని గదులూ యాదక్కవే! వంటగది సుత ఆమెదే! నేనేమన్న ఉంచుకుంటన్ననా?"

గోడ అవతల ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఆ తర్వాత, విసుగ్గా, ఇంకా గట్టిగా — "వాటా…!"

శంకరన్న బండి వదిలేశాడు. చెప్పు ఒకటి వదిలేశాడు. పరుగు ఎక్కడ మొదలైందో తెలియదు గానీ, అల్లుడి కొట్టంలో గేదె పక్కన ఆగింది.

యాదక్క ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "ఏందన్నా, గీ యాళ్ళ?"

"ఇగో. ఇల్లు తీస్కో." గుత్తి ముడి విప్పబోతే రాలేదు. పెద్ద చెవి లాగి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపియ్యరాదే? మంచిరోజు జూసి…"

"ఇయ్యాలే మంచిరోజు!"

తెల్లారి యాదక్క కొత్త ఇంట్లో పాలు పొంగించింది. శంకరన్నను పిలిచింది. పగలే కదా అని వెళ్ళాడు.

వరండాలో ఒకాయన స్తంభానికి ఆనుకొని, ఫోను చెవికి అదిమి పెట్టి అరుస్తున్నాడు. నాగపూర్ వైపునుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చిన బడి మాస్టరు అరుణ్‌కుమార్. యాదక్క ఆయన్నీ పాలకు పిలిచింది. పెళ్ళాం ఇంకా ఊరునుంచి రాలేదు.

"వాట్ బఘతోయ్ గ…! కధీ యేణార్?"

అంటే, ఎదురుచూస్తున్నానే. ఎప్పుడొస్తావు?

రాత్రి గోడ అవతల విన్న గొంతు ఇదే. ఇంత మరాఠీ తనకు రాదా? చిన్నప్పటినుంచి మాట్లాడుతున్నాడే! సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఫోను పెట్టేసి మాస్టరు నమస్కారం చేశాడు. వచ్చీరాని తెలుగులో చెప్పాడు: "సిగ్నల్ ఇక్కడనే మంచిది. యాదక్క చెప్పింది. సంజె అయితే రోజు వస్తాను. గట్టిగా మాట్లాడాలి, లేకపోతే పోదు అని కూడా ఆమెనే చెప్పింది."

శంకరన్న మెల్లగా వంటగది వైపు తల తిప్పాడు. యాదక్క పొయ్యి ఊదుతోంది. చాలా శ్రద్ధగా ఊదుతోంది.

ఆయన దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "యాదక్కా… 'గది' కాదు, 'కధీ'. 'వాటా' కాదు. 'వాట్'. ఎదురుచూసుడు."

"ఏమో అన్నా," అంది యాదక్క తల ఎత్తకుండానే. "నాకు మరాఠీ అంత రాదు. నాకైతే ఇన్నొద్దులు వాటా, ఎదురుచూసుడు రెండూ ఒకటే ఉండె."

ఆమె గ్లాసులో పాలు పోసి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగాడు. తాగేదాకా ఊరుకొని, కొంగుతో చెయ్యి తుడుచుకొని, ఆ చెయ్యి ఆయన ముందు చాపింది.

"ఎనుక తలుపు చెవి నీ తాననే ఉండిపాయె."

"అది… రేపు…" అన్నాడు శంకరన్న, అలవాటుకొద్దీ.

వరండాలో ఫోను మళ్ళీ మోగింది. "వాట్…" అన్నాడు మాస్టరు.

మనిషెవరో తెలుసు, మాటకు అర్థం తెలుసు, పట్టపగలు. అయినా శంకరన్న చెయ్యి దానంతటదే మొలతాడు దగ్గరికి పోయింది.