దయచేసి ఎవరూ ఓపెన్ చేయకండి

"ఐదింటికి హైదరాబాద్ మొత్తం చీకటైపోతుంది. నీకున్నది నలభై నిమిషాలు." చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

అశోక్‌నగర్ స్టడీ హాల్లో గ్రూప్స్ అభ్యర్థి వేషంలో ఉన్న ఏజెంట్ రాఘవేందర్ పక్కకు తిరిగాడు. జ్యోత్స్న నల్లకళ్లద్దాలు తీసింది. విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ల గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. ఈ హాల్లో మాత్రం కరెంట్ అఫైర్స్ మేడమ్.

"ఫైలు పేరు మోడల్ పేపర్. తెరిస్తే వైరస్ ఆ కంప్యూటర్ల దూరి, అడ్రస్ బుక్‌ల ఉన్నోళ్లందరికి తనే మెయిల్ పెడతది."

"టార్గెట్?"

"కుమారస్వామి. నిరుడు ఈ హాల్లనే చదివిండు. ఇప్పుడు పవర్ కంట్రోల్ రూమ్‌ల ఇంజినీర్, గ్రూప్స్ ఇంక రాస్తనే ఉన్నడు. హాల్ గ్రూప్ మెయిల్‌ల పేరు ఇంక ఉంది. ఆఫీసు కంప్యూటర్ల తెరిచిండంటే ఐదింటికి కరెంట్ ఖతం."

రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. "అన్నా, అక్కా! మోడల్ పేపర్ అని మెయిలొస్తే తెరవకుండ్రి. వైరస్!"

అరవై తలలు ఊగాయి. ఏ కబురూ ఒక్కరి దగ్గర ఆగకపోవడం ఆ వీధుల మర్యాద. మహేశ్వరి అనే అమ్మాయి అప్పటికే టైపు చేసేసింది.

"అన్నా, గ్రూప్‌ల అందరికి చెప్పిన."

"ఏమని?"

"దయచేసి ఎవరూ ఓపెన్ చేయకండి అని. ఏ ఫైలో గుర్తుపట్టాలె గద, పొద్దున నాకొచ్చింది గూడ అటాచ్ చేసిన."

రాఘవేందర్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ కలుపుతూ బయటికి పరిగెత్తాడు. హెచ్చరిక నిమిషంలో చిక్కడపల్లికి, మూడు నిమిషాల్లో నారాయణగూడకి చేరింది. థ్యాంక్స్ చెప్పినవాళ్లు కూడా ఆ ఫైలుతో సహా చెప్పారు.

కంట్రోల్ రూమ్‌లో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ల్యాండ్‌లైన్ ఎంగేజ్. ఎక్కిన ఆటో క్రాస్ రోడ్స్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. జేబులో పిస్తోలుంది, పెన్ను కెమెరా ఉంది. ఎవరి మీద వాడాలి?

నాలుగూ యాభై తొమ్మిదికి లైను కలిసింది.

"కుమారస్వామి గారూ, మోడల్ పేపర్ తెరిచిన్రా?"

"లేదు సార్. స్క్రీన్ మీద చదివితే నాకు బుర్రకెక్కది. అట్లనే జిరాక్స్ అన్నకు పంపిన, రెండు కాపీలు తీసి స్పైరల్ కొట్టుమని."

"డిలీట్ చెయ్యుండ్రి! ఇప్పుడే!"

"చేసిన. ఏమైంది సార్?"

ఐదు దాటింది. వీధిలో దుకాణాల లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

చీఫ్ ఫోన్. "శభాష్! ఎలా ఆపావ్?"

"నేను ఆపలేదు సార్."

ఆటో మెల్లగా ఆ జిరాక్స్ అన్న షాపు దాకా వచ్చింది. షాపు కంప్యూటర్ నల్లబడిపోయింది. తెల్లారితే పరీక్ష, హాల్ టికెట్ల ప్రింట్ల కోసం రెండు వందల మంది అరుస్తున్నారు.

విదేశీ ముఠాలకు ఏనాడూ జడవని రాఘవేందర్, "అన్నా, ఆటో వెనకకు తిప్పు," అన్నాడు.