కుడి మలుపుల్లో జారే కారు

ఆ ఆదివారం రేసులో పరుగెత్తినవి పద్దెనిమిది కార్లు. వీళ్ళ తెల్లకారు పదిహేడోది. పద్దెనిమిదో కారు రెండో రౌండులోనే పొగలు కక్కి ఆగిపోయింది కాబట్టి ఆఖరు అనే మాట మాత్రం తప్పింది.

షెడ్డులో ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. పైన రేకుల మీద వర్షం దంచుతోంది. సరిగ్గా అప్పుడే రెయిన్‌కోటు విప్పి లాప్‌టాప్‌కి చుట్టి, తాను మాత్రం నిలువునా తడిసిపోయి, ఒక అమ్మాయి లోపలికి వచ్చింది.

"కొత్త డేటా ఇంజనీర్‌ని. డ్రైవర్ ఎక్కడున్నారు?"

కారు కింద నుంచి చీఫ్ మెకానిక్ తల బయటపెట్టాడు. పేరుకే చీఫ్, అతని కింద పనిచేసేది ఇద్దరే. అయినా అందరూ చీఫ్ అనే పిలుస్తారు, సొంత చెల్లెలు తప్ప. ఆ చెల్లెలే తెల్లకారు డ్రైవరు.

"కారు గురించైతే నన్ను అడగండి. తయారు చేసింది నేను."

"నడిపేది మీరు కాదు కదండీ."

మూలన షూ లేసులు విప్పుకుంటున్న చెల్లెలు పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. చీఫ్ మళ్ళీ కారు కిందకి దూరిపోయాడు. ఆ అమ్మాయి మీద కోపం వచ్చిందా, ఇంకేమైనా వచ్చిందా అని అక్కడ పడుకుని ఆలోచించాడు. ఏదీ తేలలేదు.

చెల్లెలు ఆమెకి చెప్పింది ఒక్కటే ముక్క. "ఎడమ మలుపుల్లో చక్కగా తిరుగుతుందక్కా. కుడి మలుపుల్లో వెనక జారిపోతుంది."

"రెండేళ్ళుగా ఇదే పాట," అన్నాడు చీఫ్. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

చెల్లెలి నవ్వు ఆరిపోయింది. డేటా అమ్మాయి అతన్ని ఒక్క క్షణం అలాగే చూసి లాప్‌టాప్ తెరిచింది. ఆ చూపుకి అర్థమేమిటో అతనికి ఆ వారమంతా తెలియలేదు.

టీము ఈ అన్నాచెల్లెళ్ళ మావయ్యది. ఒకప్పుడు ఈ షెడ్డులో కప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. రెండేళ్ళ క్రితం పాత డ్రైవరు రిటైరై, మేనకోడలు స్టీరింగ్ పట్టుకున్నాక అంతా తలకిందులైంది. ఇంజను మార్చారు, టైర్లు మార్చారు, స్ప్రింగులు మార్చారు. స్థానం మాత్రం కిందికే మారింది.

"ఇంకొక్క రేసే ఉంది," అన్నాడు మావయ్య మర్నాడు, అందర్నీ నిలబెట్టి. "మొదటి పదిలో వస్తే వచ్చే ఏడు చూద్దాం. రాకపోతే షెడ్డుకి తాళం. నాకూ ఓపిక లేదురా."

రేసుకి పదమూడు రోజులుంది.

ఆ పదమూడు రోజుల్లో చీఫ్‌కి కారు సగం అర్థమైతే, డేటా అమ్మాయి అసలు అర్థం కాలేదు. తెర మీద కారు వేగాల గీతలు చూస్తూ కింది పెదవి కొరుక్కుంటుంది. ఆ సంగతి తాను ఎందుకు గమనించాడో అతనికే తెలియదు. పొద్దున్నే అతని టీ కప్పు పక్కన బిస్కెట్లు పెడుతుంది. థాంక్స్ చెప్పబోతే, "మీరు తినకపోతే స్పానర్లు విసురుతారని మీ చెల్లి చెప్పింది," అంటుంది. అభిమానమో, ఆత్మరక్షణో.

ఇంతలో కొత్త చిక్కు వచ్చింది. మూడు షెడ్ల అవతల నీలం టీము ఉంది. వాళ్ళ ఇంజనీరు ఆరడుగుల పొడగరి. రెండో వారం మంగళవారం ఆమె అతనితో మాట్లాడుతూ కనిపించింది. బుధవారం ఇద్దరూ ఒకే గొడుగు కింద నడుస్తూ కనిపించారు. ఆ గొడుగు ఇద్దరికి సరిపోయేది కానే కాదు.

"అక్క వెళ్ళిపోతుందేమో అన్నయ్యా," అంది చెల్లెలు. "వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారట."

"వెళ్తే వెళ్ళనీ. నాకేంటి?"

"నీకేం లేదులే. పట్టుకున్నది బ్రేక్ ఆయిల్ డబ్బా. టీలో పోసుకునేలా ఉన్నావు."

గురువారం మధ్యాహ్నం నీలం టీము వ్యాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. పొడగరి దిగాడు. వెనకాలే ఆమె. తన సామాను తీసుకెళ్ళడానికే వచ్చిందనుకున్నాడు చీఫ్.

వాళ్ళు సామాను దింపుతున్నారు.

"తూకం పలకలు," అంది ఆమె. "మనవి తప్పు చూపిస్తున్నాయేమోనని అనుమానం. బతిమాలి బతిమాలి అరువు తెచ్చాను."

"అంటే ఆ గొడుగు..."

"ఏ గొడుగు?"

"ఏం లేదు," అన్నాడు చీఫ్.

రేసుకి ముందు ప్రతిసారీ చేసే పనే అది. నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు పెడతారు. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో తెర మీద చూసి, దానికి తగ్గట్టు స్ప్రింగులు బిగిస్తారు. సీటు ఖాళీగా ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి డ్రైవరు బదులు చీఫ్ కూర్చుంటాడు. పాత డ్రైవరు, తానూ ఒకే బరువు. ఆయన కాలం నుంచీ అదే అలవాటు.

ఆ రోజూ అలాగే ఎక్కి కూర్చున్నాడు. కొత్త పలకల అంకెలు, పాత పలకల అంకెలు అచ్చంగా ఒకటే.

డేటా అమ్మాయి ముఖం వాడిపోయింది. "తూకం సరిగానే ఉంది. మరి తప్పెక్కడుంది? నాకేమీ తోచడం లేదు." ఆమెకి కూడా తోచని రోజు ఒకటుంటుందని అతను అప్పుడే తెలుసుకున్నాడు. ఓదార్చాలనిపించింది, ఎలాగో తెలియలేదు.

"దిగన్నయ్యా, నా గ్లోవ్స్ సీటు కింద ఉన్నాయి." చెల్లెలు అతన్ని లాగి, తాను ఎక్కి కూర్చుని కింద తడుముకోసాగింది.

తెర మీద నాలుగు అంకెలూ గబగబా మారిపోయాయి.

చీఫ్ ఎనభై నాలుగు కిలోలు. చెల్లెలు యాభై రెండు. రెండేళ్ళుగా కారుని అతను తన బరువుకే సరిచేస్తున్నాడు. ఆమె కూర్చోగానే సీటు ఉన్న కుడివైపు తేలికై ఆ సరి కాస్తా చెడిపోతోంది, కుడి మలుపులో వెనక జారిపోతోంది. పిల్లిని చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు రోజూ తాను కూర్చునే చోటే ఉంది.

చెల్లెలు గ్లోవ్స్ దొరకబుచ్చుకుని, ఏమీ గమనించకుండా వెళ్ళిపోయింది. మెకానిక్‌లిద్దరూ, పొడగరీ వ్యాను దగ్గర ఉన్నారు. తెర చూసింది ఇద్దరే.

"స్ప్రింగులు మార్చడానికి గంట పడుతుంది," అంది ఆమె మెల్లగా. "ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్త సెట్టింగ్ అంటే నమ్ముతారు. మీ ఇష్టం."

ఆమె దయ చూపిస్తోందా, పరీక్ష పెడుతోందా? అతనికి తెలియలేదు. చెబితే మావయ్య ఇంకెప్పుడూ తన చేతికి స్పానర్ ఇవ్వకపోవచ్చు. చెప్పకపోతే రెండేళ్ళ ఓటమి చెల్లెలి పేరు మీదే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయంలో అతనికి అయోమయం లేకపోయింది.

చెల్లెల్ని చెయ్యి పట్టుకుని మావయ్య ముందుకి తీసుకెళ్ళాడు.

"ఓడిపోయింది ఇది కాదు మావయ్యా, నేను. రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. నేనే చెవిన వేసుకోలేదు." అంకెలన్నీ చెప్పాడు.

"నేనూ తిట్టాను దీన్ని," అన్నాడు మావయ్య. "నీ చేతి కారు ఇంకా నడుపుతుందో లేదో దాన్నే అడుగు."

చెల్లెలి కళ్ళు నిండిపోయాయి. "నడుపుతాను. తూకానికి నేనే కూర్చుంటాను. అంతసేపూ నువ్వు బయట నిలబడి, నేను చెప్పింది వినాలి."

"వింటానే."

ఆదివారం తెల్లకారు పన్నెండో స్థానం నుంచి బయల్దేరింది. మొదటి కుడి మలుపులో చీఫ్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కారు మలుపు దాటేసింది, తన చెయ్యి డేటా అమ్మాయి చేతిలో ఉంది. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో అతనికి తెలియదు. అడిగితే వదిలేస్తుందేమోనని అడగలేదు.

తెల్లకారు ఆరోదిగా వచ్చింది. చెల్లెలు హెల్మెట్ తీసి, "జారలేదన్నయ్యా," అని అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

అందరూ కాస్త సర్దుకున్నాక డేటా అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"నీలం టీముకి ఎప్పుడు వెళ్తున్నారు?"

"గురువారమే వద్దని చెప్పేశాను."

"గురువారం ఎప్పుడు?"

"మీరు మావయ్యగారి దగ్గర్నుంచి బయటికి వచ్చాక. అంతవరకూ నిర్ణయించుకోలేదు."

"అంటే ఉద్యోగం గురించా?"

ఆమె వర్షంలేని ఆకాశం వంక చూసి నవ్వుకుంది. ఆ నవ్వుకి అర్థం వెతుక్కుంటూ అతను ఇంకా నిలబడి ఉండగానే మావయ్య వచ్చాడు. ఇద్దర్నీ పైనుంచి కిందికి చూశాడు.

"వచ్చే ఏడు రేసుల సంగతి రేపు మాట్లాడదాం. అమ్మాయీ, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలమ్మా?"

"దేని గురించి మావయ్యా?" అన్నాడు చీఫ్.

"మా నాన్నగారితోనండి," అంది ఆమె. "శనివారం ఇంట్లోనే ఉంటారు."